అమ్మ చీటీ ఎత్తి ఇస్తానంటోంది, గిటార్ 612 కొనాలా 112 చాలా?

ప్రశ్న: అన్నా నమస్తే. మాది చిత్తూరు, గిరింపేట. ఐటీఐ అయిపోయింది. ఆదివారం చర్చిలో వాయిస్తా, జాతర్ల సీజన్ వస్తే ఆర్కెస్ట్రాతో పోతా. ఇన్నాళ్లూ ఫ్రెండ్ గిటార్‌తోనే నెట్టుకొచ్చినా. ఇప్పుడు చేతిలో 35 వేలుంది, యమహా పసిఫికా 112వి కొందామనుకున్నా. మా ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే అన్న మాత్రం "కొంటే 612 కొనురా, 112 అంటే నేర్చుకునేవాళ్లది, రెండేళ్లకే అమ్ముకుంటావు" అంటాడు. అమ్మేమో చీటీ ఎత్తి మిగతా డబ్బు ఇస్తా అంటా ఉంది. 012, 112, 612 అని ఒకే కంపెనీవి ఇన్ని ఉన్నాయి, నిజంగా అంత తేడా ఉందా? ఏది కొనమంటావన్నా?

జవాబు: తమ్ముడూ, ముందు జవాబు చెప్పేస్తా, ఎందుకో ఆ తర్వాత చెప్తా. 112వి కొనుక్కో. అమ్మని చీటీ ఎత్తొద్దని చెప్పు. ఇప్పుడు పాడితే ఎంత తోసి తీసుకోవాల్సి వస్తుందో అమ్మకి బాగా తెలుసు, అట్ల పోయే డబ్బుతోనే నీకు ఒక మంచి కేబులు, రెండు మూడు సెట్ల తీగలు, ఒకసారి సెటప్, అంటే తీగల ఎత్తూ నెక్ వంపూ సరిచెయ్యడం, చేయించుకునే ఖర్చు వచ్చేస్తాయి.

612 బాగుండదని కాదు, చాలా మంచి గిటార్. తేడా ఉందా అంటే ఉంది. అయితే ఆ తేడా యాడుందో తెలీకుండానే డబ్బులు పెట్టేసి తర్వాత నా దగ్గరికి వచ్చి "అన్నా సౌండ్ రాలేదే" అని దిగులుపడే పిల్లోళ్లని బైరాగిపట్టెడలో నా గదిలో ఎన్నో ఏళ్లుగా చూస్తానే ఉండా, అందుకే కొంచెం పొడుగ్గా చెప్తా, ఓపిగ్గా చదువు.

మొదట మూడిట్లో ఒకటిగా ఉండేవి చూడు. నట్ అంటే నెక్ పైకొసన తీగలు కూచునే గాళ్ల పట్టీ, బ్రిడ్జి అంటే బాడీ మీద తీగలు ఆనే చోటు, ఆ నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడుగు 648 మిల్లీమీటర్లు, 012 అయినా 612 అయినా అంతే. ఫ్రెట్లు, అంటే నెక్ మీది లోహపు మెట్లు, 22. నెక్ మేపుల్ చెక్క, వెనక స్క్రూలతో బాడీకి బిగించిందే. ఫ్రెట్‌బోర్డ్ వంపు 350 మిల్లీమీటర్ల రేడియస్, అంటే బాగా చదునుగానే ఉంటుంది, లీడ్ వాయించేటప్పుడు పై ఫ్రెట్లలో తీగని గట్టిగా నెట్టినా నోట్ మధ్యలో గొంతు పట్టేసినట్టు ఆగిపోదు. పికప్పులు, అంటే తీగ ఊపుని కరెంటుగా మార్చేవి, వాటి వరస కూడా ఒకటే, బ్రిడ్జి దగ్గర రెండు కాయిల్స్ ఉండే హంబకర్, మధ్యలో ఒక సింగిల్ కాయిల్, నెక్ దగ్గర ఇంకో సింగిల్ కాయిల్, ఐదు పొజిషన్ల స్విచ్. అంటే నీ ఎడమ చేతికి తెలిసే కొలతలన్నీ చవకదానికీ ఖరీదుదానికీ ఒకటే, 112 మీద నేర్చుకున్న చెయ్యి రేపు 612 పట్టుకుంటే కొత్తగా అలవాటు చేసుకోవాల్సింది ఏమీ ఉండదు. కంపెనీలన్నీ ఇట్ల చెయ్యవు, కొన్నిట్లో చవక మోడల్ నెక్ వేరే, ఖరీదు మోడల్ నెక్ వేరే ఉంటుంది. నాకు పసిఫికా మీద గౌరవం రావడానికి మొదటి కారణం ఇదే.

ఇప్పుడు తేడాలు. 012లో బాడీ అగాతిస్ చెక్క, 112లో ఆల్డర్. చెక్క మారితే సౌండ్ మారిపోతుందని గంటలు గంటలు వాదించుకుంటారు గానీ ఎలక్ట్రిక్ గిటార్లో ఆంప్‌కి పోయేది, పికప్‌లోని అయస్కాంతం ముందు తీగ ఊగినప్పుడు కాయిల్‌లో పుట్టే కరెంటు, కాబట్టి నా లెక్కలో చెక్క కంటే పికప్ ముందు. 012 నుంచి 112వికి పోతే అసలు లాభం అక్కడే ఉంది. 112 అని అడిగేటప్పుడు చివర అక్షరం తప్పకుండా చూసుకో, 112జె అని ఒకటుంది, 112వి అని ఒకటుంది, రెండూ పక్కపక్కన పెడితే ఒకటే మాదిరి కనిపిస్తాయి. వి లో పికప్పులు ఆల్నికో 5 అయస్కాంతాలవి, ఇంకా టోన్ నాబ్‌ని పైకి లాగితే బ్రిడ్జి హంబకర్‌లో ఒక కాయిల్ ఆగిపోయి సింగిల్ కాయిల్ మాదిరి సన్నగా, గలగలమని పలుకుతుంది. దీన్ని కాయిల్ స్ప్లిట్ అంటారు. జె లో ఇది లేదు. చర్చిలో కార్డ్స్ సన్నగా కావాలి, జాతరలో లీడ్ మందంగా కావాలి, నీ మాదిరి రెండు చోట్లా వాయించేవాడికి ఆ ఒక్క నాబ్ చాలా పనికొస్తుంది. షాపులో "రెండూ 112నే తమ్ముడూ" అన్నా సరే నాబ్ పైకి లాగి చూడు, కదిలితే వి.

112వి నుంచి 612కి పోతే ఏమొస్తుందంటే, పికప్పులు మూడూ సేమూర్ డంకన్ కంపెనీవి, నట్ గ్రాఫ్‌టెక్ వాళ్ల టస్క్, ట్యూనింగ్ కీలు గ్రోవర్ లాకింగ్‌వి, బ్రిడ్జి విల్కిన్సన్ ట్రెమోలో, అంటే బార్ నొక్కితే కదిలి శ్రుతిని దించేది, బాడీ పైన మంట లేచినట్టు గీతలుండే మేపుల్ పొర. ఆ పొర పలచటి చెక్క, చూడ్డానికి చాలా అందంగా ఉంటుంది, స్టేజి లైట్ల కింద ఇంకా అందంగా ఉంటుంది, వినడానికి మాత్రం దాంతో ఏమీ రాదు. బాడీ లోపల మళ్లీ అదే ఆల్డర్. మిగతా నాలుగిట్లో మూడు, అంటే నట్టు, కీలు, బ్రిడ్జి, ఇవి సౌండ్ కోసం కాదు, శ్రుతి నిలబడ్డం కోసం. ఖరీదు గిటార్లో నువ్వు పెట్టే డబ్బులో పెద్ద భాగం శ్రుతి తప్పకుండా ఉండేదానికే పోతుంది. ఈ సంగతి నాకు అర్థమవ్వడానికి చాలా ఏళ్లు పట్టింది.

పోయిన వేసవిలో ఒక సాయంత్రం నా దగ్గర నేర్చుకునే ఇద్దరు పిల్లోళ్లు, ఒకడిది 112వి, ఇంకొకడిది 612, రెండూ ఒకేరోజు తెచ్చినారు. నేను గోడవైపు తిరిగి కూచున్నా, వాళ్లు ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి వాయించినారు, ఒకే ఆంపు, ఒకే కేబులు, అవే నాలుగు కార్డ్స్. డిస్టార్షన్, అంటే సౌండ్‌ని గరగరమనిపించే ఎఫెక్టు, పెట్టి బ్రిడ్జి హంబకర్ మీద వాయిస్తే నాకు ఏది ఏదో తెలీలేదు, ఐదుసార్లు చెప్తే రెండు తప్పినా. డిస్టార్షన్ తీసేసి నెక్ దగ్గర సింగిల్ కాయిల్ మీద మెల్లగా మీటమన్నా, అప్పుడు తెలిసింది. 612లో మీటు బలం కొంచెం మారినా నోట్ రంగు మారతా ఉంది, గట్టిగా మీటితే గంట మాదిరి మోగి మెల్లగా మీటితే గాలి మాదిరి పోతా ఉంది. 112విలో కూడా బాగుంది, కాకపోతే ఆ మెట్లు అంత విడివిడిగా వినపడలేదు. ఆ తర్వాత ట్రెమోలో బార్‌ని పదిసార్లు కిందికి నొక్కి వదలమన్నా. 612 కదల్లేదు. 112విలో మూడో తీగ దిగిపోయింది. పిల్లోడు మొహం చిన్నబుచ్చుకున్నాడు. నేను తీసి చూస్తే కీ చుట్టూ తీగని ఆరేడు చుట్లు వదులుగా ఒకదానిమీద ఒకటి చుట్టేసి ఉన్నాడు, ఎవరూ చెప్పలేదంట. తీగ తీసి, నట్ గాడిలో చెక్కిన పెన్సిల్ మొన రుద్ది, రెండున్నర చుట్లు పైనించి కిందికి వరసగా చుట్టి, తీగని వేళ్లతో నాలుగైదుసార్లు లాగి సాగదీసి మళ్లీ శ్రుతి చేసినా. మళ్లీ పదిసార్లు నొక్కితే కొంచెం అంటే కొంచెం దిగింది, పాట మధ్యలో ఎవరికీ తెలీనంత. ఆ పనికి అయిన ఖర్చు ఒక పెన్సిలు. లాకింగ్ కీలుంటే ఆ చుట్ల గొడవే ఉండదు, తీగ దూర్చి బిగిస్తే అయిపాయె, జాతరలో తీగ తెగినా రెండు నిమిషాల్లో మార్చుకోవచ్చు, అది నిజమైన సుఖమే, కాదనను. ఆ సుఖం కోసం అమ్మ చీటీ ఎత్తాల్నా అనేదే నా ప్రశ్న.

జాతర మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. మన నడివీధి గంగమ్మ జాతరైనా, తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతరైనా, స్టేజి చుట్టూ సీరియల్ లైట్లు, జనరేటరు, నాలుగైదు ఎక్స్‌టెన్షన్ బాక్సులు. సింగిల్ కాయిల్ పెడితే చాలు గుర్రుమని ఒకటే మోత. అది గిటార్ చెడిపోయి కాదు, కరెంటు 50 హెర్ట్జ్‌లో ఊగుతుంది, ఒక్క కాయిల్ దాన్ని యాంటెన్నా మాదిరి పట్టేస్తుంది. 1955లో గిబ్సన్ కంపెనీలో సేత్ లవర్ అనే ఆయన రెండు కాయిల్స్‌ని ఎదురెదురు దిక్కుల్లో చుట్టి, అయస్కాంతాల ధ్రువాలు కూడా తిప్పి పక్కపక్కన పెట్టి ఆ మోతని ఒకదానితో ఒకటి కొట్టేసేటట్టు చేసినాడు, అదే హంబకర్. నీకు 112విలోనూ అది ఉంది, 612లోనూ ఉంది. 612లో ఇంకోటి, మధ్య పికప్‌ని నెక్ పికప్‌కి ఎదురు దిక్కులో చుట్టి పెట్టినారు కాబట్టి ఆ రెండూ కలిపిన పొజిషన్లో కూడా మోత పోతుంది. జాతరలో నువ్వు ఎక్కువ వాడేది బ్రిడ్జి హంబకరే కదా, అక్కడ రెండూ సమానం. ఇంకో మాట, గిటార్ చేతిలో పెట్టుకోని మైకు దగ్గర పాడేటప్పుడు పెదవికి జిల్లుమని తగిలితే "ఏం కాదులే" అని ఊరుకోవద్దు, ఆంపు ఒక లైనులో, మిక్సరు ఇంకో లైనులో ఉండి ఎర్తింగ్ లేకపోతే అట్ల కొడుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. పాట ఆపేసి లైటింగ్ అన్నని పిలిచి రెండూ ఒకే బోర్డులో పెట్టించు, ఎర్తింగ్ చూపించు. ఎవరేమనుకున్నా సరే.

మన ఎండలు గిటార్‌కి ఇంకో పరీక్ష. ఏప్రిల్, మే నెలల్లో చెక్క ఎండి కొంచెం కుంచించుకుంటుంది, లోహం కుంచించుకోదు, దాంతో ఫ్రెట్ల చివర్లు నెక్ పక్కనించి బయటికి పొడుచుకొస్తాయి, చెయ్యి జరిపితే బ్లేడు మాదిరి గీరుకుంటుంది. మళ్లీ నవంబరు, డిసెంబరు వానల్లో అదే నెక్ వంగుతుంది. ఇది చవకదానికీ జరుగుతుంది, ఖరీదుదానికీ జరుగుతుంది, చెక్కకి రేటు తెలీదు. అందుకని సంవత్సరానికి రెండుసార్లు, ఎండాకాలం మొదట్లో ఒకసారి, వానలు పడినాక ఒకసారి సెటప్ చూసుకో. ఆరో తీగని మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, నెక్ బాడీలో కలిసే చోట ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కిపట్టి ఏడో ఫ్రెట్ మీద చూడు, విజిటింగ్ కార్డు మందం సందు ఉండాల. ఎక్కువుంటే ట్రస్ రాడ్, అంటే నెక్ లోపల దాని వంపుని సరిచేసే కడ్డీ, కొంచెం బిగించాల, అసలు లేకపోతే వదులు చెయ్యాల, ఏదైనా ఒకసారికి పావు చుట్టు కంటే తిప్పొద్దు. 12వ ఫ్రెట్ మీద ఆరో తీగ ఎత్తు 2 మిల్లీమీటర్లు, ఒకటో తీగ ఒకటిన్నర దగ్గర ఉంటే వేళ్లకి హాయి. ఆ తర్వాత అదే 12వ ఫ్రెట్ మీద తీగని తాకీ తాకనట్టు హార్మోనిక్ మీటి, వెంటనే నొక్కి మీటి, రెండూ ట్యూనర్లో ఒకటే చూపిస్తున్నాయా చూడు. నొక్కినప్పుడు ఎక్కువ చూపిస్తే బ్రిడ్జి మీద ఆ తీగ ఆనే చిన్న ముక్కని, శాడిల్‌ని, వెనక్కి జరపాల, తక్కువ చూపిస్తే ముందుకి. ఈ మూడు పనులు చేసిన 112వి, చెయ్యని 612 కంటే బాగా పలుకుతుంది, ఇది నేను ఎవరి ముందైనా నిలబడి చెప్తా.

మీ కీబోర్డు అన్న చెప్పినట్టు 112 నేర్చుకునేవాళ్లదే అని ఒక పేరు పడిపోయింది. పసిఫికా 1990లో మొదలైనప్పుడు దాన్ని డిజైన్ చేసింది అమెరికాలో కాలిఫోర్నియాలో ఉన్న యమహా గిటార్ వర్క్‌షాపులో, అక్కడి ప్రొఫెషనల్స్ అవసరాలు చూసి. ఆ గీతే కింద మోడల్ దాకా వచ్చింది. నిజంగా ప్రీమియం అనాలంటే 612 కూడా మధ్య మెట్టే, 2024లో స్టాండర్డ్ ప్లస్, ప్రొఫెషనల్ అని రెండొచ్చినాయి, రూపర్ట్ నీవ్ డిజైన్స్ అనే స్టూడియో పరికరాల కంపెనీతో కలిసి చేసిన రిఫ్లెక్టోన్ పికప్పులు, స్టెయిన్‌లెస్ స్టీల్ ఫ్రెట్లు, ప్రొఫెషనల్ అయితే జపాన్‌లోనే తయారవుతుంది. అట్ల పైకి చూస్తా పోతే దానికి హద్దు లేదు తమ్ముడూ.

నీ 35 వేల లెక్క ఇట్ల పెట్టుకో. 112వి తీసుకున్నాక మిగిలేదాన్ని పెద్ద ఆంపు మీద పెట్టొద్దు, చర్చిలోనూ ఆర్కెస్ట్రాలోనూ సిస్టమ్ ఉండనే ఉంటుంది. అయితే గిటార్ జాక్‌ని నేరుగా మిక్సర్లో పెట్టేస్తే సౌండ్ డబ్బా మాదిరి పలచగా వస్తుంది, అందుకని చిన్న మల్టీ ఎఫెక్ట్స్ ప్రాసెసర్ ఒకటి, సెకండ్‌హ్యాండ్‌దైనా పర్లేదు, తీసుకో, ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకోని దాంట్లోనే సాధన చేసుకోవచ్చు. రెండేళ్లు వాయించు. ఆర్కెస్ట్రా డబ్బులు చేతికొచ్చినాక ముందు లాకింగ్ కీలు, తర్వాత నట్టు, ఇంకా కావాలనిపిస్తే నెక్ పికప్పు, ఒక్కొక్కటిగా మార్చుకో. అన్నీ దొరుకుతాయి, అన్నీ దీంట్లో పడతాయి.

ప్రశ్న: నమస్కారమండీ. నేను తిరుపతిలో ఎస్వీ సంగీత నృత్య కళాశాలలో వీణ నేర్చుకుంటున్నాను. ఎలక్ట్రిక్ గిటార్ మీద కర్ణాటక సంగీతం వాయించాలని ఉంది. గమకాలు పలకాలంటే ఖరీదైన మోడలే కావాలా? మా గురువుగారు ఒప్పుకుంటారో లేదో కూడా భయంగా ఉంది.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి చాలా సంతోషమైంది. భయపడొద్దు. మన తెలుగువాడే మాండొలిన్ శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండొలిన్‌ని ఐదు ఒంటి తీగల వాద్యంగా మార్చుకోని దాని మీద రాగాలన్నీ పలికించినారు, గిటార్ ప్రసన్న గారు ఎలక్ట్రిక్ గిటార్ మీద కచేరీలు చేస్తా ఉన్నారు. కాబట్టి దారి పడే ఉంది.

మీకు కావాల్సింది ఖరీదు మోడల్ కాదు, సరైన బ్రిడ్జి ఉన్న మోడల్. వీణ మీద మీరు మెట్టు మీద తీగని పక్కకి లాగి గమకం తీస్తారు కదా, గిటార్ మీద కూడా అదే పని, దాన్ని బెండ్ అంటారు. అయితే ట్రెమోలో బ్రిడ్జి స్ప్రింగుల మీద తేలతా ఉంటుంది. మీరు ఒక తీగని లాగితే ఆ బిగువుకి బ్రిడ్జి కొంచెం ముందుకు లేస్తుంది, మిగతా తీగలన్నీ కొంచెం దిగిపోతాయి. పక్కన షడ్జం మోగుతా ఉండగా గాంధారానికి గమకం తీస్తే ఆ షడ్జమే కిందికి జారుతుంది, మీ చెవికి అది ముల్లు మాదిరి గుచ్చుకుంటుంది. 112వి, 612 రెండిట్లోనూ ట్రెమోలోనే. పసిఫికాలోనే 311హెచ్ అని ఒకటుంది, దాంట్లో బ్రిడ్జి బాడీకి బిగించేసి ఉంటుంది, కదలదు, పైగా లాకింగ్ కీలు కూడా వస్తాయి, నెక్ దగ్గర పీ90 అనే సింగిల్ కాయిల్ పికప్, సౌండ్ నిండుగా ఉంటుంది. రేటు 112కీ 612కీ మధ్యలో. నన్నడిగితే మీకు 612 కంటే ఇదే మేలు. పైమెట్టు కావాలంటే అదే పద్ధతిలో 611హెచ్ ఉంది.

మీ దగ్గర ఆల్రెడీ 112 ఉంటే దాన్ని అమ్మొద్దు. వెనక ప్లేటు తీస్తే స్ప్రింగులు పట్టుకునే కొక్కేనికి రెండు స్క్రూలుంటాయి, వాటిని బిగిస్తే బ్రిడ్జి బాడీకి అతుక్కుపోయి కూచుంటుంది, లేవదు. తీగలు సన్నవి, 9 నుంచి 42 సెట్టు వెయ్యండి. వీణ తీగ లాగినంత దూరం మొదట్లో రాదు, ఒక్కవేలితో కాకుండా ఉంగరపు వేలికి మధ్యవేలు, చూపుడువేలు తోడు పెట్టి నెట్టండి. మీ గురువుగారికి ముందు వినిపించండి, తర్వాత అడగండి. ఒక తోడి గానీ కాంభోజి గానీ నాలుగు నిమిషాల ఆలాపన చాలు.

ప్రశ్న: సార్, యమహా బైకులూ గిటార్లూ ఒకటే కంపెనీనా? మా నాన్నకి ఆర్‌ఎక్స్ 100 ఉండేది. గిటార్లు మన దగ్గర చెన్నైలోనే తయారవుతాయంట, నిజమేనా?

జవాబు: పుట్టిల్లు ఒకటే. 1887లో జపాన్‌లో హమామత్సు అనే ఊళ్లో ఒక స్కూల్లో హార్మోనియం మాదిరి ఉండే రీడ్ ఆర్గన్ చెడిపోతే తొరాకుసు యమహా అనే ఆయన్ని బాగు చెయ్యడానికి పిలిచినారు, బాగు చేస్తానే ఇది నేనే చెయ్యగలనని సొంతంగా చెయ్యడం మొదలుపెట్టినాడు. 1955లో మోటార్ సైకిళ్ల పని వేరే కంపెనీగా విడిపోయింది. మీ నాన్నగారి బండి కంపెనీ గుర్తు చూడండి, అవి మూడు ట్యూనింగ్ ఫోర్కులు, శ్రుతి పట్టుకునే ఫోర్కులే. గిటార్ల కంపెనీదీ దాదాపు అదే గుర్తు. చెన్నై దగ్గర ఫ్యాక్టరీ 2019లో మొదలైంది, అక్కడ కీబోర్డులు, అకౌస్టిక్ గిటార్లు చేస్తారు. పసిఫికా ఎలక్ట్రిక్‌లు మాత్రం అక్కడివి కాదు.

ప్రశ్న: అన్నయ్యా, మా పాపకి 12 ఏళ్లు. ఎలక్ట్రిక్ గిటారే కావాలని పట్టుపట్టింది. ముందు అకౌస్టిక్ నేర్చుకోవాలని అందరూ అంటున్నారు. చవకదాంట్లో 012 కొనిస్తే చాలా? మాది తిరుపతి, కొర్లగుంట.

జవాబు: చెల్లెమ్మా, పాప ఏది అడిగిందో అదే కొనివ్వు. అకౌస్టిక్ తీగలు మందం, గట్టిగా నొక్కాల, వేళ్లు కాయలు కాస్తాయి, ఎంతమంది ఆడపిల్లలు ఆ నొప్పికే మూడో వారంలో ఆపేసినారో నేను చూసినా. ఎలక్ట్రిక్ తీగలు సన్నం, నెక్ కూడా సన్నం, చిన్న చేతులకి తేలిక. అకౌస్టిక్ ముందు నేర్చుకోవాలనే నియమం ఎవరూ పెట్టలేదు.

012 చాలు. పైన చిత్తూరు తమ్ముడికి 112వి చెప్పినా కదా, ఆ పిల్లోడు స్టేజి ఎక్కి వాయిస్తాడు కాబట్టి. పాప ఇంట్లో నేర్చుకోవడానికి ఆ కాయిల్ స్ప్లిట్ అవీ ఇప్పుడే అవసరం లేదు. కానీ డబ్బాలోంచి తీసింది తీసినట్టు చేతికివ్వొద్దు, ఎవరి చేతనైనా యాక్షన్, అంటే తీగల ఎత్తు, దించి, ఫ్రెట్ చివర్లు గుడ్డతో తడిమి చూసి, దారం పట్టుకుంటా ఉంటే ఫైలుతో నున్నగా రుద్దించి ఇవ్వు. పాపకి తొలిరోజే నొప్పి పుట్టకుండా ఉంటే సగం గెలిచినట్టు. ట్రెమోలో బార్ తీసేసి డ్రాయర్లో దాచిపెట్టు, పిల్లలు దాంతోనే ఆడతా ఉంటారు, ప్రతి అయిదు నిమిషాలకీ శ్రుతి చెయ్యలేక విసుగొస్తుంది.

ప్రశ్న: బెంగళూరులో ఒకతను 612 సెకండ్‌హ్యాండ్ అమ్ముతున్నాడు, కొత్త 112వి రేటుకే ఇస్తానంటున్నాడు. మదనపల్లె నుంచి పోయి తీసుకోమంటారా?

జవాబు: పోండి, కానీ డబ్బులు ఆన్‌లైన్లో ముందే వెయ్యొద్దు, పోయి చేత్తో పట్టుకోని చూసి ఇవ్వండి. మంచి పగటి వెలుతుర్లో చూడండి. ఫ్రెట్ల మీద, ముఖ్యంగా మొదటి ఐదు ఫ్రెట్ల మీద, తీగ కింద పల్లాలు పడ్డాయేమో గోటితో గీకి చూడండి. గోరు బాగా తట్టుకుంటే ఆ ఫ్రెట్లు లెవెల్ చేయించాల, అరిగిపోయి ఉంటే మార్చాల, ఆ ఖర్చు రేట్లోంచి తగ్గించమని అడగండి. ఆంపులో పెట్టి స్విచ్ ఐదు పొజిషన్లూ తిప్పి, నాబ్ లాగి నొక్కి చూడండి, ఒక స్టీలు స్క్రూడ్రైవరుతో ఒక్కో పికప్‌నీ మెల్లగా తడితే టక్ టక్ అని వినపడాల, వినపడకపోతే ఆ కాయిల్ పోయినట్టే. పికప్పులు మార్చేసి మామూలువి పెట్టి అమ్మేవాళ్లుంటారు, సేమూర్ డంకన్ పేరు కనిపించకపోతే పిక్‌గార్డ్ విప్పించి వెనక చూపించమనండి.

అన్నిటికంటే ముఖ్యం ట్రస్ రాడ్. హెడ్‌స్టాక్ దగ్గర అలెన్ కీ పెట్టి ఇటు అటు పావు చుట్టు లోపు తిరుగుతుందా చూడాల. అమ్మే అతని ముందే, అతని చేతనే తిప్పించండి. అస్సలు కదలకపోయినా, ఎంత తిప్పినా వదులుగా ఊరికే తిరుగుతున్నా బాడీ ఎంత మెరుస్తున్నా వదిలేసి రాత్రి బస్సెక్కి వచ్చేయండి.